స్టార్టర్ బాక్సు షాక్ కొట్టాక

పోయిన ఖరీఫ్‌లో మిర్చి చేనుకి నీళ్లు పెడదామని వెళ్తే మోటారు స్టార్టర్ బాక్సు జివ్వుమంది. కాళ్లకి రబ్బరు చెప్పులుండబట్టి బతికిపోయాను. త్రీ ఫేజ్ అంటే 415 వోల్టులు మరి. చూస్తే, లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఎర్త్ వైరు తెగి ఉంది. ఎప్పుడు తెగిందో ఎవరికీ తెలీదు.

ఇంజినీరింగ్ చదివే మా మేనకోడలు ఫోన్లో నింపే ప్రశ్నల పట్టీ, అదే గూగుల్ ఫామ్, ఒకటి చేసిచ్చింది. స్టార్టర్, ఎర్త్ వైరు, ట్రాక్టర్ పీటీఓ షాఫ్టు (ఇంజిను శక్తితో వెనకాల యంత్రాన్ని తిప్పే ఇరుసు) కవరు, పురుగుమందుల గది తాళం చూసి, మోటారు దగ్గరుండే కుర్రాడు ప్రతి ఆదివారం నింపాలి. మూడు వారాలు అన్నీ 'బాగుంది' అనే వచ్చాయి. అనుమానమొచ్చి వెళ్తే పీటీఓ కవరు ఊడదీసి గట్టున పడేసి ఉంది! నిమిషానికి 540 సార్లు తిరిగే షాఫ్టు అది, పంచె అంచు తగిలితే మనిషినే లాగేస్తుంది.

"ఇంట్లో కూర్చునే నొక్కేశాను బాబాయ్" అన్నాడు కుర్రాడు.

ప్రతి ప్రశ్నకీ ఫొటో తప్పనిసరి చేశాం. మరుసటి వారం పాత ఫొటోలే మళ్లీ పెట్టాడు, గడుసువాడు. దాంతో ఆ రోజు తేదీ పలక మీద రాసి, పక్కన పెట్టి తీయమన్నాను. చేలో సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంటికొచ్చాక ఎక్కిస్తాడు.

ఎలక్ట్రీషియన్ చేత ఉప్పు, బొగ్గు వేయించి కొత్త ఎర్త్ గొయ్యి తీయించాను. వేసవిలో అందులో నీళ్లు పోస్తుండాలట, ఆ ప్రశ్న కూడా చేర్చాం. పోయిన నెల ఫొటోలో ఎలుక కొరికిన కేబుల్ కనిపిస్తే, అది మార్చేదాకా మోటారు వేయనివ్వలేదు.