ఏడాది పాటల ర్యాంకింగ్, 3వ పాఠం: 1991 ఆల్బమ్‌లను వరుసలో పెట్టడం

కిందటి పాఠంలో 1991 నుంచి పన్నెండు ఆల్బమ్‌లు ఏరి పెట్టుకున్నాం. చెన్నైలో ఉండే తెలుగువాళ్ల చెవిన రెండు భాషలూ పడుతూనే ఉంటాయి కాబట్టి ‘క్షణక్షణం’, ‘ఆదిత్య 369’, ‘గ్యాంగ్ లీడర్’లతో పాటు ‘దళపతి’, ‘చిన్నతంబి’, ‘గుణ’ కూడా జాబితాలోకి ఎక్కాయి. ఇక ర్యాంకులు వేయాలి. అంతకన్నా ముందు ఒక పేచీ తేల్చుకోవాలి.

‘చిన్నతంబి’ తమిళంలో 1991లో వచ్చింది. దాని తెలుగు రూపం ‘చంటి’ 1992 జనవరిలో విడుదలైంది. బాణీలు చాలావరకు అవే. మరి ‘చంటి’ని ఎక్కడ వేయాలి? బాణీ మొదట ఏ ఏడాది వచ్చిందో ఆ ఏడాదికే దాని లెక్క, కాబట్టి ‘చంటి’ని వదిలేయండి. ‘దళపతి’ తమిళం, తెలుగు డబ్బింగ్ రెండూ పెడితే ఒకే బాణీకి రెండు ఓట్లు పడతాయి, ఒక్కటే ఉంచండి. యాప్‌లో కనిపించే తేదీని మాత్రం నమ్మకండి. పాత ఆల్బమ్‌లకు అది చాలాసార్లు కంపెనీ మళ్లీ అప్‌లోడ్ చేసిన తేదీ. జనవరి 1 అని ఉంటే మరీ అనుమానించాలి.

పదికి ఇన్ని అని మార్కులు వేయొద్దు. వేసి చూడండి, సగానికి పైగా ఏడున్నర దగ్గరే ఇరుక్కుంటాయి. రెండేసి ఆల్బమ్‌లు పక్కపక్కన పెట్టి ‘ఏది మేలు’ అని ఒక్క ప్రశ్న వేసుకోండి. పన్నెండింటినీ ప్రతిదానితో పోలిస్తే 66 జతలవుతాయి, అంత ఓపిక ఎవరికీ ఉండదు. ఆల్బమ్‌లను ఒక్కొక్కటిగా వరుసలో చేర్చుకుంటూ రండి, కొత్తదాన్ని ముందుగా వరుసలో నడిమిదానితో పోల్చండి. గెలిస్తే పై సగంలో నడిమిదానితో, ఓడితే కింది సగంలో నడిమిదానితో. ఇలా చేస్తే ఎంత చెడ్డా 33 పోలికలతో పని అయిపోతుంది.

పోలికలో అందరూ తప్పటడుగు వేసేది వాల్యూమ్ దగ్గర. కొంచెం గట్టిగా మోగేది మనకు బాగున్నట్టే అనిపిస్తుంది, ఎందుకంటే శబ్దం తగ్గినప్పుడు చెవికి బాస్, పై స్వరాలు ముందు మందగిస్తాయి. రీమాస్టర్ చేసిన, అంటే పాత రికార్డింగ్‌ను కొత్తగా సరిచేసిన ఆల్బమ్‌లు క్యాసెట్ నుంచి ఎక్కించిన వాటికన్నా గట్టిగా ఉండటం మామూలే. యాప్‌లో పాటలన్నీ ఒకే స్థాయిలో మోగించే వాల్యూమ్ నార్మలైజ్ ఆన్ చేయండి, షఫుల్ ఆపేయండి. ఇంకోటి, బీచ్–వేళచేరి రైల్లో ఈ పని పెట్టుకోకండి. ఇళయరాజా బాస్ గిటార్ నడకంతా రైలు చప్పుడులో కలిసిపోతుంది, ఆయన ఆల్బమ్‌లకే అన్యాయం జరుగుతుంది. ఎండాకాలమైనా సరే, ఆ అరగంట ఫ్యాన్ వేగం తగ్గించుకోండి.

జత తేలకపోతే మూడో పాట పరీక్ష పెట్టండి. రెండు ఆల్బమ్‌లలోనూ మీకు బాగా నచ్చిన రెండేసి పాటలు పక్కనపెట్టి, మూడో పాటలను పోటీకి దింపాలి. ఒక్క హిట్ పాట ఆల్బమ్ మొత్తాన్ని మోసుకెళ్లడం ఇక్కడ ఆగిపోతుంది. ‘క్షణక్షణం’ అనగానే ‘జామురాతిరి జాబిలమ్మా’ చెవిలో మోగుతుంది, తక్కినవన్నీ దాని చాటున దాక్కుంటాయి. దాన్ని తీసేసి ‘అందనంత ఎత్తా తారాతీరం’ వినండి, అప్పుడు కీరవాణి ఆల్బమ్ బలం తెలుస్తుంది. ‘ఆదిత్య 369’ది ఇంకో రకం చిక్కు. రాయలవారి కొలువులో ‘జాణవులే’కి జిక్కి గొంతు, అదే ఆల్బమ్‌లో కుర్రకారు ‘సెంచరీలు కొట్టే’. కాలంలో ప్రయాణించే కథ కాబట్టి ఈ దూరం కావాలని పెట్టిందే. పొందిక లేదని మార్కులు కోస్తే పొరపాటు. మా లెక్కలో మూడో పాట దగ్గర ‘ఆదిత్య 369’ గెలుస్తుంది, అదీ వెంట్రుకవాసి తేడాతో. మీ వరుస తిరగబడితే కంగారేమీ లేదు, ఏ పాట దగ్గర తిరగబడిందో రాసి పెట్టుకోండి.

బొమ్మ చూస్తూ మాత్రం పోల్చకండి. ‘గ్యాంగ్ లీడర్’లో చిరంజీవి స్టెప్పులు కళ్ల ముందుంటే బప్పి లహరి డ్రమ్స్‌ను ఎవరు పట్టించుకుంటారు?

వచ్చే పాఠానికి వరుసను వారం ముట్టుకోకుండా ఉంచి, 4 నుంచి 8వ ర్యాంకు దాకా ఉన్న ఆల్బమ్‌ల జతలు మాత్రం మళ్లీ వినండి. పైనా కిందా పెద్దగా కదలవు, గొడవంతా ఈ నడుమే.