సంఘ కాపరి తప్పు చేస్తే నోరు విప్పడం ఎలా?

మందిర నిర్మాణానికి మా అమ్మ రెండు బంగారు గాజులు ఇచ్చింది. రసీదు అడిగింది నేను. తరువాతి ఆదివారం ప్రసంగం కోరహు గురించి. మోషేకు ఎదురు తిరిగినందుకు భూమి నోరు తెరిచి మింగేసిన మనిషి కథ. పేరు ఎత్తలేదు గానీ, మా వరుసలో కూర్చున్న వాళ్లందరూ తలలు దించుకున్నారు. బల్లారాధన, అంటే ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సమయం వచ్చింది. రొట్టె పళ్లెం అమ్మ దగ్గర ఆగి, నా ముందు నుంచి దాటిపోయింది. ఆ పళ్లెం పట్టుకున్న పెద్దమనిషి చిన్నప్పుడు సండే స్కూల్లో నా చేత కీర్తనలు కంఠస్థం చేయించిన మాస్టారు.

ఇది ఎవరితో చెప్పుకోవాలో తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. తిరుపతిలోనో చిత్తూరులోనో ఇలాగే మాట పెగలక కూర్చున్న విశ్వాసి ఎవరైనా ఉంటే, వారికి ఆ రెండేళ్లు మిగలాలని ఇది రాస్తున్నాను.

1. జరిగింది ఏమిటో ముందు విడదీసుకోండి

కాపరి గద్దించినంత మాత్రాన, ప్రసంగం నచ్చనంత మాత్రాన అది వేధింపు కాదు. దేవుని పేరు చెప్పి మనిషిని లొంగదీసుకోవడం వేధింపు. దశమభాగం (ఆదాయంలో పదో వంతు కానుక) తగ్గితే పిల్లలకు జబ్బు చేస్తుందనడం, ప్రార్థనలో నమ్మి చెప్పుకున్న గుట్టును ప్రసంగంలో బయటపెట్టడం, అయ్యగారు ఒప్పుకోనిదే పెళ్లి సంబంధం ఖాయం చేసుకోకూడదనడం ఇలాంటివే. మందుల సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. స్వస్థత ప్రార్థన జరిగిందని చెప్పి మా పెద్దమ్మ చేత షుగరు మాత్రలు మాన్పించారు. కాలి పుండు ముదిరి రుయా ఆసుపత్రిలో చేరితే, చూడటానికి అయ్యగారు వచ్చి, మంచం పక్కన నిలబడి, "నీ విశ్వాసం చాలలేదమ్మా" అన్నారు.

మీ ఫిర్యాదు మూడింటిలో ఏ కోవకు చెందుతుందో చూడండి. కొట్టడం, లైంగిక వేధింపు, మోసం, బెదిరింపు నేరాలు. వీటికి పోలీసులు ఉన్నారు. కానుకలు, స్థలం, భవనం లెక్కల వ్యవహారం. శాపాలు పెట్టడం, వెలివేయడం, అందరి ముందు అవమానించడం పెత్తనం. మూడింటినీ కలిపి ఒకే గోడుగా చెప్పుకుంటే వినేవారికి ఏదీ పట్టుబడదు. నేను చేసిన మొదటి పొరపాటు అదే.

2. వాక్యం చూపి భయపెడితే, ఆ వాక్యం పూర్తిగా చదవండి

"అభిషిక్తుని ముట్టకూడదు." సంఘంలో నోరు మూయించడానికి ఇంతకంటే ఎక్కువ వాడే మాట లేదు. 105వ కీర్తన తెరిచి చూడండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు దేశం కాని దేశంలో తిరుగుతున్నప్పుడు రాజులు వారికి హాని చేయకూడదన్న సందర్భం అది. లెక్క అడగకూడదని అందులో లేదు. దావీదు కూడా అభిషిక్తుడే. అతను తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త అతని ఎదుట నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. సమూయేలు ముసలితనంలో జనాన్నంతా పిలిచి, ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా, చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు. ఎవరూ అడగకుండానే తన లెక్క తానే ముందుకు పెట్టాడు. మొదటి సమూయేలు 12వ అధ్యాయం. మనం అడుగుతున్నది అంతకంటే ఎక్కువేమీ కాదు.

"ఏడుకొండల కింద మనం గుప్పెడు మందిమి, ఇంటి గుట్టు రచ్చకెక్కిస్తావా?" అని కూడా అంటారు. ఆ బాధ నాకూ ఉంది. ఇలాంటి గాయాన్ని మతాల తగవుగా మార్చాలని చూసేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్ల చేతికి మీ కాగితాలు ఇవ్వకండి. అయితే దాచిపెట్టినంత మాత్రాన పుండు మానదు. మా పెద్దమ్మ కాలే అందుకు సాక్ష్యం.

3. ఒక నోటుపుస్తకం కొనండి

ఎవరికీ చెప్పకముందే ఈ పని మొదలుపెట్టండి. తేదీ, చోటు, అక్కడ ఎవరెవరు ఉన్నారు, అన్న మాట అన్నట్టుగా. "నన్ను అవమానించారు" అని రాస్తే పనికిరాదు. "ఫలానా ఆదివారం, ఉదయం ఆరాధనలో, రొట్టె పళ్లెం నాకు అందించలేదు, పక్కన ఫలానావారు చూశారు" అని రాయండి. మీరు కళ్లారా చూసింది ఒక పేజీలో, ఇతరులు చెప్పగా విన్నది మరో పేజీలో ఉండాలి. కానుక కవర్లు, బ్యాంకు బదిలీల వివరాలు దాచుకోండి. వాట్సాప్ సందేశాలకు ఫోటో తీసుకుంటే చాలదు, అవి వచ్చిన ఫోనును కూడా భద్రంగా ఉంచుకోండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువీకరణ పత్రం జతచేయాలి.

పుస్తకం ఇంట్లో పెట్టకండి. మా ఇంటికి ప్రార్థనకు వచ్చినవారు బీరువా మీద ఏముందో కూడా చూసి వెళ్లారు.

4. ఒంటరిగా వెళ్లకండి

సంఘ పెద్ద మీద నింద వస్తే ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని పౌలు తిమోతికి రాశాడు. ఆ మాటనే ఆధారం చేసుకోండి. మీలాగే నలిగినవారు సంఘంలో మరొకరు తప్పక ఉంటారు. అర్ధాంతరంగా రావడం మానేసినవారిని పలకరించి చూడండి.

తరువాత ఒక పేజీ ఉత్తరం రాయండి. ఏమి జరిగింది, ఎప్పుడు, మీరు కోరేది ఏమిటి, ఎన్ని రోజుల్లో జవాబు కావాలి. అంతే. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఆ ఉత్తరం ఎవరికి రాయాలన్నది మీ సంఘాన్ని బట్టి ఉంటుంది. సీఎస్‌ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) స్థానికంగా పాస్టరేటు కమిటీ, దాని పైన బిషప్ ఉండే డయాసిస్, అన్నిటి పైన చెన్నైలోని సినడ్ అనే పాలక సభ ఉన్నాయి. సౌత్ ఆంధ్ర లూథరన్ సంఘానికి కేంద్ర కార్యాలయం తిరుపతిలోనే ఉంది. ఈ ప్రాంతపు కతోలికులు కడప మేత్రాసనం (బిషప్ పరిధి) కిందికి వస్తారు. వేధింపుల ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు ప్రతి మేత్రాసనంలో ఉండాలని పోప్ ఫ్రాన్సిస్ 2019లో ఆదేశించారు.

కష్టమంతా స్వతంత్ర సంఘాలతోనే. అయ్యగారే అధ్యక్షుడు, అమ్మగారే కోశాధికారి, కొడుకే కార్యదర్శి అయినచోట ఉత్తరం ఎవరికి రాస్తాం? అక్కడ రిజిస్ట్రేషను నంబరు పట్టుకోండి. సొసైటీగా నమోదైతే నియమావళి రిజిస్ట్రారు దగ్గర ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001లోని 23వ సెక్షన్ ప్రకారం, నిర్వహణపై వివాదం వస్తే సభ్యులు ఎవరైనా జిల్లా కోర్టును ఆశ్రయించవచ్చు. అందుకే సభ్యత్వానికి రుజువు ముఖ్యం. సంఘ సభ్యుల పుస్తకంలో మీ పేరు ఉందో లేదో ఉత్తరం రాయకముందే చూసుకోండి. మహిళలకు న్యాయ సేవల సంస్థ ద్వారా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాది దొరుకుతారు. 15100కు ఫోను చేయండి.

5. నేరమైతే సంఘ పెద్దల దగ్గర ఆగవద్దు

పసిపిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే "ముందు పెద్దలతో మాట్లాడదాం" అనే మాటే వద్దు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం కూడా శిక్షార్హమే. పిల్లల కోసం 1098, మహిళల కోసం 181, అత్యవసరమైతే 112. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, పరిధి కాదని తిప్పి పంపకూడదు. తీసుకోకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. బాధితుల పేరు మాత్రం ఎవరికీ చెప్పకండి, ప్రార్థన గుంపులో కూడా.

"విశ్వాసులు కోర్టుకెక్కకూడదు" అంటారు. కొరింథీయులకు పౌలు రాసింది అన్నదమ్ముల మధ్య తగాదాల గురించి. కీడు చేసేవారిని శిక్షించడానికే అధికారులు ఉన్నారని రోమా పత్రికలో రాసిందీ ఆయనే.

6. కోపం మీద స్టేటస్ పెట్టకండి

భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం పరువు నష్టానికి రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. సంబంధిత అధికారికి సదుద్దేశంతో ఇచ్చే ఫిర్యాదుకు అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది. రాత్రి పదకొండు గంటలకు రాసిన సందేశం నన్ను ఎంత ఇబ్బంది పెట్టిందో నాకు తెలుసు. వెంటనే తీసేశాను గానీ, అప్పటికే అది అయ్యగారి ఫోనుకు చేరింది.

7. ఇంట్లోవాళ్లను తొందరపెట్టకండి

నిద్ర పట్టకపోయినా, ఆరాధన పాట వినబడితే గుండె దడదడలాడినా 14416కు ఫోను చేయండి. టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ప్రార్థన చేసుకోలేకపోతున్నానని మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

అమ్మ ఇప్పటికీ అదే మందిరానికి వెళుతుంది. యాభై ఏళ్ల స్నేహాలు అక్కడే ఉన్నాయి, మానమని నేను అనను. ఆదివారం స్కూటరు మీద దింపి, ఆరాధన అయ్యాక మళ్లీ వెళ్లి తీసుకొస్తాను. గాజుల రసీదు ఇంకా రాలేదు. కిందటి నెల గేటు దగ్గర మాస్టారు కనిపించి, నా చేయి పట్టుకుని, "ఉత్తరం కాపీ ఒకటి నాకూ ఇవ్వు, సంతకం పెడతాను" అన్నారు.