సొంత బ్లాగు పెట్టాలా వద్దా? పెడితే ఎలా నడపాలి?

సొంత బ్లాగు వల్ల ఉపయోగం ఉంటుందా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే అవుననో కాదనో చెప్పను, తిరిగి ఒక ప్రశ్న వేస్తాను: ఈమధ్య ఒకే సంగతిని మీరు ఇద్దరు ముగ్గురికి విడివిడిగా ఫోన్లో వివరించి చెప్పారా? అమెరికా వీసాకి అమ్మానాన్నల్ని ఏయే కాగితాలు పట్టుకెళ్ళమన్నారో, అరుణాచలం వెళ్తే గిరిప్రదక్షిణ ఎన్నింటికి మొదలుపెట్టాలో, స్లాబు పోసే ముందు మేస్త్రీతో ఏమేం తేల్చుకోవాలో, మీ నాయనమ్మ మాగాయలో ఉప్పు కారం పాళ్ళు ఎంతో, ఇలాంటివి. చెప్పాను అంటే మీకు బ్లాగు పనికొస్తుంది, ఈ వారమే మొదలుపెట్టండి. అలాంటిదేమీ గుర్తుకు రావట్లేదు, ఊరికే నాకూ ఒకటి ఉంటే బాగుంటుందనిపిస్తోంది అంటే మాత్రం ఇంకో నెల ఆగినా నష్టమేం లేదు.

డబ్బు సంగతి ముందే తేల్చేద్దాం, పైకి అనకపోయినా చాలామంది మనసులో ఉండేది అదే. తెలుగు పేజీల మీద గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు 2018 నుంచి వేసుకోవచ్చు. కానీ ఖాతాలో వంద డాలర్లు పోగయ్యేదాకా వాళ్ళు పైసా పంపరు, నెలకి రెండు టపాలు (అంటే బ్లాగులో పెట్టే పోస్టులు) రాసే సొంత బ్లాగులో ఆ వంద ఎప్పటికి పోగవుతుందో దేవుడికే తెలియాలి. పైగా ఇప్పుడు గూగుల్‌లో ఏదైనా వెతికితే జవాబు పైనే వండి వడ్డిస్తోంది, కిందున్న లింకు నొక్కేవాళ్ళు తగ్గిపోయారు. సంపాదనే ఉద్దేశమైతే యూట్యూబు చూసుకోండి, అక్కడ కూడా గ్యారంటీ ఏం లేదు గానీ కనీసం జనం ఉన్నారు. పేరు కోసమైనా అంతే. ఫేస్‌బుక్‌లో రాసిన పది నిమిషాలకి లైకులొస్తాయి, బ్లాగులో మొదటి ఆర్నెల్లు మీ చుట్టాలు తప్ప ఎవరూ రారు, వాళ్ళు కూడా మీరు లింకు పంపితేనే.

మరి ఇంకెందుకయ్యా అంటే, రాసింది మళ్ళీ దొరకడానికి. నా మాట మీద నమ్మకం లేకపోతే మూడేళ్ళ కిందట ఫేస్‌బుక్‌లో మీరే రాసిన పోస్టు ఒకటి ఇప్పుడు వెతికి చూడండి. దొరికినా ఖాతా లేనివాళ్ళకి పంపితే తెరుచుకుంటుందో లేదో చెప్పలేం. వాట్సాప్ గ్రూపులో రాసిందైతే ఫోన్ మారిన రోజునే సగం పోతుంది.

తెలుగు బ్లాగుల కథే దీనికి సాక్ష్యం. 2005 తర్వాత నాలుగైదేళ్ళు భలే సందడిగా ఉండేది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చేసిపెట్టే లేఖిని అని వీవెన్ గారు తయారు చేసిన సైటు ఉంది, అందులో టైపు కొట్టుకుని, బ్లాగుస్పాట్‌లోనో వర్డ్‌ప్రెస్‌లోనో పెట్టి, అందరి కొత్త టపాల్నీ ఒకచోట చూపించే కూడలి సైటులో తమది ఎప్పుడు కనిపిస్తుందా అని చూసుకునేవాళ్ళు. మాలిక, జల్లెడ, హారం కూడా ఆ పనే చేసేవి. హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో ఈ-తెలుగు వాళ్ళు స్టాలు పెట్టి, వచ్చినవాళ్ళకి కంప్యూటర్లో తెలుగు ఎలా రాయాలో చూపించేవాళ్ళు. తర్వాత జనమంతా ఫేస్‌బుక్‌కి మళ్ళారు, నచ్చిన బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకేచోట చదువుకునే గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడింది, రోజూ పొద్దున్నే కొత్త టపాలు చదివే అలవాటు కూడా చాలామందిలో పోయింది. సందడి పోయిన మాట నిజమే. కానీ ఆర్కుట్ 2014 సెప్టెంబర్‌లో పోయింది, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది, యాహూ గ్రూపులు 2020 డిసెంబర్‌లో పోయాయి. వాటిలో తెలుగువాళ్ళు రాత్రుళ్ళు మేలుకుని చేసిన వాదోపవాదాలన్నీ వాటితోపాటే పోయాయి. అప్పటి బ్లాగుస్పాట్ టపాలు మాత్రం, రాసినవాళ్ళు మానేసి ఏళ్ళయినా, వెతికితే ఇవాళ్టికీ చాలావరకు దొరుకుతున్నాయి. గోదారి జిల్లా వంటకం గురించో, ఏదో ఊళ్ళో తిరణాల గురించో వెతుకుతుంటే పదిహేనేళ్ళ కిందటి టపా తగులుతుంది, దాని కింద వ్యాఖ్యల్లో అసలు టపా కంటే ఎక్కువ సమాచారం ఉంటుంది.

ఏం రాయాలి

చాలామంది మొదటి టపాకి "నా బ్లాగుకి స్వాగతం" అని పేరు పెడతారు. రెండో టపా ఉండదు. స్వాగతాలూ తోరణాలూ పక్కన పెట్టి, పైన చెప్పినట్టు ఫోన్లో రెండోసారి వివరించిన సంగతితో మొదలుపెట్టండి. మీకది నోటికొచ్చు, అవతలివాళ్ళు ఎక్కడ అడ్డు ప్రశ్న వేశారో కూడా తెలుసు, కాబట్టి ఏం రాయాలా అని తల పట్టుకోనక్కర్లేదు.

అరుణాచలాన్నే తీసుకుందాం, మనవాళ్ళు ఈమధ్య బస్సులకి బస్సులు కట్టుకుని వెళ్తున్నారు కదా. "అరుణాచలేశ్వరుడి దర్శనం మాటల్లో చెప్పలేని అనుభూతి, ఆ ప్రశాంతత వర్ణనాతీతం" అని రాస్తే మీకు తృప్తిగా ఉంటుందేమో గానీ చదివినవాడికి ఏమీ ఒరగదు, ఆ మాటలు వాడు వెళ్ళకముందే విని ఉన్నాడు. అదే ఇలా రాయండి: "ప్రదక్షిణ 14 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి రాజగోపురం దగ్గర మొదలుపెట్టాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అందుకని దారిలో ఎనిమిది లింగాల దగ్గరా కాసేపు కూర్చుంటూ నడిచాం, మళ్ళీ గుడి దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఎనిమిది దాటాక రోడ్డు కాలడం మొదలైంది, చెప్పులు గదిలోనే వదిలేశాం కాబట్టి చివరి రెండు కిలోమీటర్లూ నీడ వెతుక్కుంటూ నడవాల్సొచ్చింది. పెద్దవాళ్ళతో వెళ్తే రెండింటికే బయల్దేరండి." ఇందులో గొప్ప వాక్యం ఒక్కటీ లేదు. కానీ అమ్మని తీసుకెళ్ళాలనుకునేవాడు దీన్ని ఫోన్లో దాచుకుంటాడు.

తేడా ఎక్కడుందో చూడండి: ఎవరితో వెళ్ళారు, ఎన్నింటికి, ఎంతసేపు, ఎక్కడ ఇబ్బందైంది. ఏ సంగతి రాసినా ఈ నాలుగూ ఉంటే చాలు, మిగతాదంతా మీ ఇష్టం. ఇంకొకటి, ఇది ఏ నెల ఏ ఏడు నాటి సంగతో టపాలోనే రాసేయండి. రూములు, టికెట్లు, ఆఫీసు నిబంధనలు మారుతూ ఉంటాయి, తేదీ లేకపోతే ఎవరో మూడేళ్ళ తర్వాత మీ టపా నమ్ముకుని బయల్దేరి, అక్కడ నిలబడి మిమ్మల్ని తిట్టుకుంటారు.

మనసులో మాటలు, జ్ఞాపకాలు రాయకూడదా అంటే తప్పకుండా రాయండి, నేను అన్నిటికంటే ఇష్టంగా చదివేవి అవే. కాకపోతే వాటిని కూడా ఇలాగే రాయండి. తాతయ్య చాలా మంచివాడు అనే మాట దగ్గర ఆగకుండా, ధాన్యం అమ్మిన రోజు ఆయన డబ్బు ఎలా లెక్కపెట్టేవాడో, ఎవరికి ముందు పంచేవాడో రాస్తే, రేపు మీ పిల్లలకి ఆయన కళ్ళముందు కనిపిస్తాడు.

వారానికొకటి రాస్తానని ఒట్టు పెట్టుకోకండి. ఆ టెన్షన్‌లోనే సగం బ్లాగులు చచ్చిపోయాయి. రెండు నెలలకొకటి రాసినా ఎవరూ అడగరు.

ఎక్కడ పెట్టాలి, ఎలా టైపు చేయాలి

మొదట గూగుల్ వాళ్ళు ఉచితంగా ఇచ్చే బ్లాగర్ చాలు, పైన బ్లాగుస్పాట్ అన్నది దాని చిరునామానే. సొంత డొమైన్ (మీ పేరుతోనే ఉండే వెబ్ చిరునామా) మీద మోజు ఉంటే ఏడాది ఆగి, అప్పటికి ఇంకా రాస్తూ ఉంటే కొనుక్కోండి, బ్లాగర్‌కే దాన్ని తగిలించుకోవచ్చు, పాత లింకులు కూడా కొత్త చోటికి తీసుకెళ్తాయి. డొమైన్‌కి ఏటా డబ్బు కట్టాలి, ఒక ఏడాది మర్చిపోతే ఆ పేరు వేరేవాళ్ళు ఎగరేసుకుపోయి మీ పేరుమీద బెట్టింగ్ ప్రకటనలు పెట్టుకునే ప్రమాదం ఉంది. ఉచిత బ్లాగుస్పాట్ చిరునామాకి ఆ బెడద లేదు. టెంప్లేటు, రంగులు, పైన బొమ్మ, వీటి మీద ఒక్క సాయంత్రం కంటే ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. అక్షరం పెద్దదిగా, నలుపు మీద తెలుపో తెలుపు మీద నలుపో ఉంటే చాలు, మన చదువరుల్లో కళ్ళజోడు వాళ్ళే ఎక్కువ.

టైపింగు ఇప్పుడు సమస్యే కాదు. ఫోన్లో గూగుల్ కీబోర్డు జీబోర్డులో తెలుగు పెట్టుకుని మైకు నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటూ పోతుంది, కాకపోతే చుక్కలూ కామాలూ సరిగా పెట్టదు, శ–స, ళ–ల అప్పుడప్పుడూ కలిపేస్తుంది, కాబట్టి ఒకసారి బయటికి చదువుకుంటూ సరిచేయండి. కంప్యూటర్లో అయితే లేఖిని ఉంది. అందులో ఇంగ్లీషు పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూసుకోవాలి, ఎల్ అక్షరం చిన్నది కొడితే పెల్లి, పెద్దది కొడితేనే పెళ్ళి. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన పాత వ్యాసాలు ఉంటే వాటిని అలాగే అతికించకండి, తెరమీద పిచ్చి గీతలు కనిపిస్తాయి, ఏ ఫోన్లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్ తెలుగులోకి మార్చుకున్నాకే పెట్టండి. ఆ పేజీని ఫొటో తీసి పెట్టడం ఇంకా దండగ, బొమ్మలోని అక్షరాలు వెతికేవాడికి తేలిగ్గా దొరకవు.

ఇప్పుడు ఎవరూ చెప్పని చిన్న సంగతి. తెలుగులో శీర్షిక పెట్టి పబ్లిష్ నొక్కితే బ్లాగర్ మీ శీర్షికని లింకులో వాడుకోదు, "బ్లాగ్ పోస్ట్" అని ఇంగ్లీషులో రాసి పక్కన ఏదో అంకె తగిలిస్తుంది. అన్ని టపాల లింకులూ ఒకేలా ఉంటాయి, చూసి ఏది దేనిదో మీకే తెలియదు. వర్డ్‌ప్రెస్‌లో ఇంకో రకం తంటా: తెలుగు శీర్షికే లింకులోకి వెళ్తుంది, కానీ కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టేసరికి అక్షరమైనా గుణింతం గుర్తైనా ఒక్కొక్కటీ శాతం గుర్తులూ ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసి తొమ్మిదేసి అక్షరాలుగా విడిపోతుంది. "తెలుగు" అన్న ఒక్క మాటే 54 అక్షరాలవుతుంది, శీర్షిక పొడుగైతే మధ్యలో తెగిపోతుంది కూడా. చూసినవాళ్ళు ఇదేదో వైరస్ లింకు అనుకుని నొక్కరు. మందు ఒక్కటే, పబ్లిష్ నొక్కకముందే కుడిపక్కన పర్మాలింక్ (టపా లింకు ఎలా ఉండాలో చెప్పే చోటు) దగ్గరికి వెళ్ళి ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలు మీరే రాయండి, ఊరి పేరు, విషయం. మనవాళ్ళలో చాలామంది తెలుగు సంగతుల్ని కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతారు కాబట్టి ఇది వాళ్ళకీ ఉపయోగమే.

ఏవి పెట్టకూడదు

బంధువుల తగాదాలు, పక్కింటివాళ్ళ పేర్లు, పిల్లల స్కూలు, ఆధార్ కనిపించే కాగితాల ఫొటోలు, ఊళ్ళో లేమని తెలిసే టపాలు. ఊరెళ్ళొచ్చాక రాస్తే పోయేదేం లేదు కదా. ఎవరి జబ్బు గురించైనా రాయాలంటే వాళ్ళని అడగండి, అమ్మ అయినా సరే. ప్రభుత్వోద్యోగులైతే ప్రవర్తనా నియమావళి ఒకసారి చదువుకోండి, ప్రైవేటు ఉద్యోగమైతే ఆఫర్ లెటర్‌తోపాటు సంతకం పెట్టిన కాగితాల్లో దీని గురించి ఏదో ఒక పేరా ఉండే ఉంటుంది. ఆఫీసు గొడవలు కోపంగా ఉన్నప్పుడు రాసి డ్రాఫ్టులో వదిలేయండి, వారం తర్వాత చదివితే మీకే పెట్టబుద్ధి కాదు. వ్యాఖ్యలు మీరు చూసి ఒప్పుకున్నాకే కనిపించేలా మొదటి రోజే పెట్టుకోండి, లేకపోతే అప్పులిస్తామనే వాళ్ళూ చేతబడి తీస్తామనే వాళ్ళూ వచ్చి కూర్చుంటారు.

దాచుకోవడం

బ్లాగు దొరుకుతుంది అన్నాను గానీ దానంతటది శాశ్వతం కాదు. ఏడాదికోసారి, ఉగాదికో మీ పుట్టినరోజుకో, బ్లాగర్ సెట్టింగుల్లోకి వెళ్ళి బ్యాకప్ దింపుకోండి. అందులో రాతలు వస్తాయి, ఫొటోలు మాత్రం రాకపోవచ్చు, కాబట్టి వాటిని వేరే ఫోల్డర్‌లో దాచుకోవడం మంచిది. ముఖ్యమైన టపాల లింకుని వెబ్ పేజీల నకళ్ళు దాచే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోని వేబ్యాక్ మెషిన్‌కి ఇచ్చి సేవ్ నొక్కితే అక్కడ ఒక నకలు ఉంటుంది, డబ్బేం కట్టక్కర్లేదు.

రెండేళ్ళు అసలు వాడని ఖాతాల్ని తీసేయొచ్చని గూగుల్ 2023లో తన నిబంధనల్లో రాసుకుంది. అందుకని రాయడం మానేసినా ఆ ఖాతాలోకి అప్పుడప్పుడూ వెళ్ళొస్తూ ఉండండి. గూగుల్ ఖాతా సెట్టింగుల్లోనే ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒకటుంది, మీరు ఇన్ని నెలలు కనిపించకపోతే ఫలానావాళ్ళకి కబురు పంపి, నా ఖాతాలో ఇవి వాళ్ళకి ఇవ్వు అని ముందే చెప్పి పెట్టొచ్చు. అక్కడ మీ అబ్బాయిదో అమ్మాయిదో మెయిలు ఇవ్వండి, ఇచ్చినట్టు వాళ్ళకి చెప్పండి కూడా, లేకపోతే ఆ మెయిలు వచ్చిన రోజు ఎవరో మోసగాళ్ళు పంపారనుకుని డిలీట్ చేస్తారు.