రెండు సీసాలు, రెండు మణికట్లు

నా అక్వా డి జియో సెంటు అడుగంటుతోందని, అచ్చం దానిలాగే ఉంటుందన్న ఓ చవక సెంటు తెచ్చుకున్నాను. మూత తీసి వాసన చూడగానే "ఇంకేం, అదే ఇది" అనిపించింది. మధ్యాహ్నానికి ఆ సంబరం కాస్తా ఆవిరైంది. అప్పటినుంచి ఏ రెండింటిని పోల్చినా ఇదిగో, ఇలా చేస్తున్నాను.

ముందు రెండు సీసాల మీదా చూడండి. ఒకటి ఈడీటీ (ఓ డి టాయిలెట్, పల్చనిది), ఇంకొకటి ఈడీపీ (ఓ డి పర్ఫ్యూమ్, చిక్కనిది) అయితే గాఢతే వేరు, పోటీ పెట్టి లాభం లేదు. పేరులో నీళ్లు, అలలు ఉన్నంత మాత్రాన అన్నీ ఒకే జాతి కూడా కాదు. 1988లో వచ్చిన కూల్ వాటర్ అనే సెంటులో ఆ చలవకి డైహైడ్రోమిర్సెనాల్ అనే రసాయనం పెద్ద దిక్కు. 1996 నాటి అక్వా డి జియోలో కాలోన్ అనే ఇంకో రసాయనం తెలుస్తుంది: తడిగాలి, పుచ్చకాయ తొక్క కలిసినట్టుండే వాసన. మీ చవకది దేన్ని అనుకరిస్తోందో ముందే తేల్చుకోండి.

వాసన లేని సబ్బుతో చేతులు కడిగి ఆరనివ్వండి. కళ్లు మూసుకుని, ఇంట్లో ఎవరితోనైనా చెరో మణికట్టు మీదా ఒక్కో స్ప్రే కొట్టించుకోండి. ఏది ఎక్కడ కొట్టారో వాళ్లు రాసి దాచాలి. సీసా అందం మనసులో ఉంటే ముక్కు అబద్ధం చెబుతుంది, నా ముక్కయితే మరీను. మణికట్లు రుద్దకండి. రెండూ ఒకే చేతికి కొట్టుకున్న రోజు నాకు మిగిలింది కలగాపులగమే.

మొదటి పది నిమిషాలు తీర్పు ఇవ్వొద్దు. అనుకరించేవాళ్లు ఎక్కువ శ్రద్ధ పెట్టేది ఆ నిమ్మజాతి ఘుమఘుమ మీదే. అరగంట అయ్యాక ఓసారి, తర్వాత మూడో గంటకి, ఆరో గంటకి చూడండి. మధ్యలో ముక్కు మొద్దుబారితే కాఫీ గింజలేం అక్కర్లేదు, సెంటు తగలని మోచేతి మడత వాసన చూస్తే చాలు.

నాకు తేడా దొరికింది నాలుగో గంటలో. ఎడమ చేతి మీద తడిసిన చెక్క, కొంచెం ఉప్పదనం ఇంకా ఉన్నాయి. కుడి చేతి మీద మాత్రం ఉతికిన బట్టల్లాంటి తీపి వాసన, అంతే. చీటీ విప్పితే కుడిది చవకదే. కానీ చొక్కా అంచు మీద రెండూ సాయంత్రం దాకా నిలిచాయి, అందుకే బట్ట మీదా ఓసారి చూడండి.

చవకది పారెయ్యలేదు. గంటలో తిరిగొచ్చే పనికి వెళ్లేటప్పుడు దాన్నే కొట్టుకుంటున్నాను.