విశ్రాంత ఉద్యోగులకు ఆర్థిక సలహాదారుగా స్థిరపడటం ఎలా?

అనంతపురం జిల్లాలో ఈ వృత్తిలోకి రాదలచినవారు ముందుగా తేల్చుకోవలసింది, సలహాకు రుసుము తీసుకోవాలా, పథకాలు అమ్మి కమీషన్ తీసుకోవాలా అన్నది. రుసుముతో పెట్టుబడి సలహా ఇవ్వాలంటే 2013 నాటి సెబీ (షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ) నిబంధనల కింద నమోదు కావాలి. అందుకు సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం నిర్వహించే పదవ సిరీస్ ఎ, బి పరీక్షల్లో ఉత్తీర్ణత అవసరం. మ్యూచువల్ ఫండ్ల పంపిణీకైతే ఐదవ సిరీస్ ఎ పరీక్ష రాసి, మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘమైన ఆంఫీ నుంచి నమోదు సంఖ్య పొందాలి. మొదటి దారిలో రాబడి ఆలస్యమైనా, పింఛనుదారుల విషయంలో అదే సరైనదని నా దృఢమైన అభిప్రాయం.

గుంతకల్లు రైల్వే డివిజన్‌లో పదవీ విరమణ చేసిన పెద్దాయన మీ ముందు గుడ్డసంచి విప్పినప్పుడు, పాసుపుస్తకాలు, బాండ్లు ఒక్కొక్కటిగా తీసి, నామినీ గడిలో ఎవరి పేరుందో చూడండి. అది ఖాళీగా ఉన్నా, ఎప్పుడో గతించిన తల్లి పేరే ఉన్నా, వడ్డీ లెక్కలకన్నా ముందు దానిని సరిచేయించాలి. తర్వాత ఆయన భార్యను కూడా కూర్చోబెట్టి, "అమ్మా, నెలకు ఇంటికెంత, మందులకెంత?" అని అడగండి, అసలు లెక్క చాలా ఇళ్లలో ఆమె దగ్గరే ఉంటుంది.

సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో ఒక్కరు 30 లక్షల రూపాయల వరకు పెట్టవచ్చు, వడ్డీ మూడు నెలలకొకసారి అందుతుంది. బ్యాంకు డిపాజిట్లకు, ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు, అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా ఉంటుంది కనుక, గ్రాట్యుటీ మొత్తాన్ని ఒకేచోట వేయనివ్వకండి. ఇచ్చిన ప్రతి సలహానూ తెలుగులో రాసి, సంతకం చేసి, ఒక ప్రతి వారి చేతికివ్వండి.