కబుకి చూడాలని ఉందా? ఒక్క అంకానికి టికెట్ కొనండి

టోక్యో వెళ్తున్నాం, జపాన్ వాళ్ల సంప్రదాయ నాటకం కబుకి చూడాలనుంది, కానీ జపనీస్ రాదు, అన్ని గంటలు కూర్చోగలమా అని చాలామంది అడుగుతుంటారు. మొదటిసారి నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. ఏమీ చదవకుండా పూర్తి ఆటకి ఖరీదైన సీటు కొనుక్కుని వెళ్లి, ఎవరు ఎవరో, ఎందుకు ఏడుస్తున్నారో తెలియక విరామంలో బయటికొచ్చేశాను. ఆ బాధ చాలా రోజులు పోలేదు. తర్వాతిసారి కథ ముందే తెలుసుకుని, ఒకే ఒక్క అంకం చూశాను. అప్పుడు పట్టుకుంది నన్ను కబుకి.

గింజా ప్రాంతంలో కబుకి-జా అనే థియేటర్ ఉంది, హిగాషి గింజా మెట్రో స్టేషన్ నుంచి నేరుగా దాని కిందికే దారి. థియేటర్ 1889లో మొదలైంది, ఇప్పుడున్న భవనం మాత్రం 2013 నాటిది. అక్కడ నాలుగో అంతస్తులో 'హితోమకుమి' అని ఒక్క అంకానికే టికెట్ ఇస్తారు. కింద మంచి సీటు 15,000 యెన్‌లు దాటుతుంటే ఇక్కడ దాదాపు 1,000 నుంచి 2,000లో అయిపోతుంది, అంకాన్ని బట్టి మారుతుంది. టికెట్లు ఎప్పుడు, ఎలా అమ్ముతున్నారో, ఇంగ్లీష్ గైడ్ అద్దెకు ఇస్తున్నారో లేదో వెళ్లేముందు వెబ్‌సైట్‌లో చూసుకోండి. నాటకాలు నెలనెలా మారతాయి. మీరు వెళ్లిన నెలలో 'కంజించో' అనే నాటకం ఉంటే మాత్రం ఇంకేం ఆలోచించకండి, అదే తీసుకోండి.

చరిత్ర ఎంత తెలియాలి? ఇంత చాలు. 1603లో ఒకుని అనే ఆవిడ క్యోటోలో, కామో నది ఎండిన ఇసుకలో, మగవేషం కూడా కట్టి ఆడిన ఆటతో కబుకి పుట్టింది. అంటే దీన్ని మొదలుపెట్టింది ఆడవాళ్లే. 1629లో షోగున్ (అప్పటి సైనిక పాలకుడు) ప్రభుత్వం ఆడవాళ్లను వేదిక ఎక్కకుండా నిషేధించింది, కారణం చుట్టూ నడిచిన వ్యభిచారం, గొడవలు. వాళ్ల స్థానంలో కుర్రాళ్లు వచ్చారు, అదే తంతు, 1652లో వాళ్లనీ ఆపేశారు. ఇక పెద్ద మగవాళ్లే మిగిలారు. అందం చూపించి జనాన్ని లాగే దారి మూసుకుపోయింది కాబట్టి నటనా, కథా పెంచుకోక తప్పలేదు. ఈ రోజు మనం చూసే కబుకికి పునాది అక్కడే పడింది.

ఆడవేషం వేసే మగ నటుణ్ని ఒన్నగాత అంటారు. స్థానం నరసింహారావు గారి గురించి విన్నవాళ్లకి, వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. ఒన్నగాత వచ్చినప్పుడు ముఖం కన్నా ముందు భుజాలు చూడండి. వీపు ఎముకల్ని వెనక్కి, దగ్గరికి లాగి భుజాలు దించేస్తాడు, మోకాళ్లు కలిపి కొద్దిగా వంచి నడుస్తాడు. అలా నిలువెత్తు మనిషి మన కళ్లముందే చిన్నగా అయిపోతాడు. చిన్నప్పటి నుంచీ సాధన చేస్తే తప్ప రాదది.

ఇప్పుడు కంజించో కథ. అన్న యోరితోమో చంపిస్తాడని యోషిత్సునే అనే యోధుడు పారిపోతుంటాడు, కూలివాడి వేషంలో. అతని నమ్మిన బంటు బెంకెయ్, మిగతా అనుచరులు కొండల్లో తిరిగే సన్యాసుల్లా వేషం కట్టారు. అతాకా అనే చోట కాపలా అధికారి తొగాషి ఆపుతాడు. గుడి కోసం చందాలు అడుగుతున్నామని వీళ్లంటే, సరే ఆ చందాల పత్రం చదవమంటాడు. పత్రం ఎక్కడిది? బెంకెయ్ ఏమీ రాయని కాగితపు చుట్ట ఒకటి విప్పి, రాసి ఉన్నట్టే గడగడా చదివేస్తాడు. అయినా కూలివాడి మీద అనుమానం వస్తుంది. అప్పుడు బెంకెయ్ సొంత యజమానినే కర్రతో కొడతాడు. తొగాషికి అంతా అర్థమైపోతుంది, అయినా వదిలేస్తాడు. ఇంత తెలిస్తే చాలు, ఒక్క మాట అర్థం కాకపోయినా కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

వేదిక వెనక గోడ మీద పెద్ద పైన్ చెట్టు బొమ్మ కనిపిస్తుంది. అది 'నో' అనే ఇంకో పాత జపాన్ నాటక కళ వేదిక నుంచి వచ్చింది. 14వ శతాబ్దంలో కన్నామి, అతని కొడుకు జెయామి తీర్చిదిద్దిన నో, తర్వాత దొరల కళ అయింది, కబుకి బజారు జనానిది. 'అతాకా' అనే నో నాటకాన్ని తీసుకుని ఏడో ఇచికావా దాంజూరో 1840లో కంజించోగా ఆడాడు. ఆ చెట్టు బొమ్మ ఆ అప్పుకి గుర్తు.

వేదికకి కుడివైపు చివర ఒకాయన కూర్చుని చెక్క పలక మీద రెండు చెక్కలతో టపటపా కొడతాడు. ఆ చప్పుడు వినపడగానే ఫోను చూడటం లాంటివి మానేసి నటుడి వైపు చూడండి, బొమ్మలా బిగుసుకుని నిలబడతాడు. దాన్ని మియె అంటారు. అదే క్షణంలో మీ వెనక నుంచి ఎవరో 'నారితయా!' అని అరవచ్చు. అది దాంజూరో వంశం ఇంటిపేరు లాంటిది, విమానాశ్రయం ఉన్న నారితా ఊరి గుడితో ఆ వంశానికున్న అనుబంధం నుంచి వచ్చింది. అరిచేవాళ్లు ఏళ్ల తరబడి చూస్తున్న రసికులు, ఎక్కువగా పై అంతస్తులోనే కూర్చుంటారు. మన పద్య నాటకానికి వన్స్‌మోర్ ఎంతో వాళ్లకి అది అంత. సమయం రెప్పపాటు తప్పినా ఆట చెడుతుంది కాబట్టి మనం అరవకూడదు, చప్పట్లు కొట్టొచ్చు.

చివర్లో అందరూ వెళ్లిపోయాక తెర మూసేస్తారు, బెంకెయ్ ఒక్కడే హనమిచి మీద మిగులుతాడు. ప్రేక్షకుల మధ్య నుంచి ఎడమవైపు సాగే దారి అది. వంగి దణ్ణం పెట్టి, ఊపిరి బిగబట్టి, ఒంటికాలి మీద గెంతుతూ వెళ్తాడు. నాలుగో అంతస్తు నుంచి ఆ దారి చివర కనపడదు. అయినా ముందుకు వంగకండి, వెనకవాళ్లకి అడ్డం. కూర్చునే వినండి, అడుగులు దూరమవుతుంటాయి, ఆఖరికి అవతల తెర రింగులు 'చరీన్' మంటాయి. అది వినేదాకా సీట్లోంచి లేవకండి.