మీటింగ్ దొరకలేదా? పొద్దున ఫోన్ చేశారా మరి?

మా నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినపడేది ఒకటే మాట: "అన్నా, అడ్రసు పట్టుకొని పోయిన, ఆడ ఏం లేదే." ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు మీటింగుల్లో కూర్చుని ఒకరికొకరు తోడుండే సంఘం అనీ, మందు మానాలన్న కోరిక తప్ప అక్కడ వేరే అర్హత అడగరనీ మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

వెళ్తే తాళం ఉంది, బోర్డు కూడా లేదు

మీటింగ్ జరిగే గది ఏఏ వాళ్ల సొంతం కాదు. చర్చి వెనక హాలో, బడిలో ఒక గదో గంటా గంటన్నర కోసం అడిగి తీసుకుంటారు. పరీక్షలో, పండగో వస్తే గది మారుతుంది, నెట్‌లో మాత్రం పాత అడ్రసే ఉంటుంది. పేర్లు బయటపెట్టకపోవడం వాళ్ల పద్ధతి కాబట్టి గేటుకు ఫ్లెక్సీ కట్టరు.

అందుకే వెళ్లే రోజునే ఫోన్ చేయండి. ఇవాళ ఉందా, ఏ గేటు, తాళం ఎవరు తీస్తారు అని అడగండి. రెండు నిమిషాల పని. ఇది చేయకుండా దేవరకొండ నుంచి బస్సెక్కి వచ్చి, గేటు చూసి తిరిగిపోయి, ఆ కోపంలో దారిలోనే క్వార్టర్ కొన్నవాళ్లు నాకు తెలుసు. వాచ్‌మన్‌ను "తాగుబోతుల మీటింగ్ ఎక్కడ" అని అడిగితే తరిమేస్తాడు. "ఏఏ వాళ్లు ఏ గదిలో కూర్చుంటారు" అని అడగండి.

ఫోన్ ఎత్తారు, బాగా మాట్లాడారు, తీరా చూస్తే అది మీటింగ్ కాదు

నా చేయి కాలింది ఇక్కడే. మా చిన్నమ్మ కొడుకు తాగుడు ముదిరినప్పుడు మరదలికి "నెట్‌లో ఏఏ మీటింగ్ నంబరు చూసి చేయమ్మా" అని చెప్పి ఊరుకున్నాను. ఆమె "మందు మాన్పించే మీటింగ్" అని కొట్టింది. పైన వచ్చిన నంబరుకు చేసింది. అవతలి గొంతు ఎంతో మర్యాదగా అడిగిందట: "పేషెంట్ వయసెంతమ్మా? ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడా? అడ్రస్ చెప్పండి, బండి పంపిస్తాం."

రాత్రి నలుగురు వచ్చారు. కట్టుకున్న లుంగీతోనే ఎక్కించుకుపోయారు. అడ్వాన్సు కోసం మరదలు చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. వాడు బయటికొచ్చిన సాయంత్రమే బెల్టు షాపు దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాత "మీటింగ్" అన్న మాట వినపడితే చాలు, చెప్పులేసుకుని వెళ్లిపోయేవాడు. వాణ్ని నిజమైన మీటింగ్‌లో కూర్చోబెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది.

వాణ్ని తీసుకెళ్లింది మందు మాన్పించే సెంటరుకు. అలాంటి సెంటర్లన్నీ చెడ్డవని కాదు, కొందరికి అడ్మిషన్ అవసరమే. కానీ 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా చేర్చాలంటే డాక్టర్లు పరీక్ష చేయాలి, దానికి షరతులున్నాయి. నలుగురు వచ్చి ఎత్తుకుపోవడం అందులో లేదు.

ఈ పొరపాటు ఎందుకు పట్టుబడదంటే, తప్పు నంబరు వాళ్లు ఇంటివాళ్లు వినాలనుకున్నదే చెబుతారు. సరైన నంబరు మొదట కాస్త ముభావంగా అనిపిస్తుంది. భార్య ఫోన్ చేస్తే "ఆయన్నే మాట్లాడమనండి" అంటారు. ఇంటివాళ్లకు అల్-అనాన్ అని వేరే మీటింగ్ ఉందంటారు. బండి పంపరు, మాన్పిస్తామని మాటివ్వరు. దాంతో మనవాళ్లు విసుక్కుని పెట్టేస్తారు.

నేనిప్పుడు అందరికీ చెప్పేది: ఫోన్ ఎత్తగానే "ఫీజెంత?" అని అడగండి. ఏ అంకె వినపడినా అది మీటింగ్ కాదు. మీటింగ్‌లో చివర ఒక డబ్బా తిరుగుతుంది, గది అద్దెకీ చాయ్‌కీ ఉన్నవాళ్లు వేస్తారు, కొత్తవాళ్లు వేయక్కర్లేదు. ఇంకో గుర్తు, "పేషెంట్" అన్న మాట వాళ్ల నోట రాదు. అక్కడ మాట్లాడేవాడూ తాగి మానినవాడే.

నంబరు మీద అనుమానం ఉంటే ప్రభుత్వ ఉచిత నంబరు 14446 కు చేయండి, అది మత్తు మానడానికి సంబంధించినదే. 14416 టెలిమానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ.

వెళ్లాడు గానీ కూర్చోలేకపోయాడు

చేతులు వణకడం, చెమటలు అయితే అది మీటింగ్ తప్పు కాదు. రోజూ గట్టిగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనివి కనపడి మతి తప్పవచ్చు. ముందు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, మీటింగ్ తర్వాత. "నాది కల్లే గదా" అనేవాళ్లకు ఇంకా జాగ్రత్త కావాలి. మన దగ్గర కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజిపామ్ లాంటి మత్తు మందులు దొరికిన సందర్భాలున్నాయి. అది ఆపినా ఫిట్స్ రావచ్చు, కాబట్టి కల్లు సంగతి డాక్టరుకు దాచకండి.

మిగతావి

భార్యను బయట కూర్చోమన్నారంటే అది క్లోజ్డ్ మీటింగ్, అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఇంటివాళ్లూ కూర్చోగలిగే ఓపెన్ మీటింగ్ ఎప్పుడో అడగండి. హిందీలో జరిగితే తెలుగులో మాట్లాడండి, ఎవరూ కాదనరు. తెలిసినవాడు కనపడ్డాడా? వాడూ అందుకే వచ్చాడు.

దగ్గర్లో అసలు మీటింగే లేదంటే ఫోన్‌లో ఆన్‌లైన్ మీటింగ్‌తో మొదలుపెట్టండి. మానాలనుకునే ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చున్నా దాన్ని గ్రూపు అనుకోవచ్చని ఏఏ సంప్రదాయంలోనే ఉంది. హైదరాబాద్ గ్రూపుల వాళ్లను అడిగితే ఎలా నడపాలో చెబుతారు. గది దొరికాక తాళంచెవి మాత్రం ఇద్దరి దగ్గర ఉంచండి.